అరవై సైకిళ్ల ఘంటసాల
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన బ్యాచ్ మిత్రుడొకడు అమెరికా నుంచి వస్తూ నాకో పాత గారార్డ్ 301 తెచ్చిచ్చాడు. ఇంగ్లండులోని స్విండన్‌లో 1950ల నడుమ మొదలుపెట్టి పదేళ్లకు పైగా తయారుచేసిన టర్న్‌టేబుల్ అది. రేడియో స్టూడియోల పనికి తగిన యంత్రం. మోటారు తిరిగితే రబ్బరు చక్రం, ఆ చక్రం ఒరుసుకుని బరువైన పళ్లెం తిరుగుతాయి. మీట తిప్పగానే వేగం అందుకుంటుంది. ఆ పట్టు కోసమే ఇప్పటికీ సంగీతప్రియులు దీన్ని వెతికి మరీ కొంటారు. మోటారు గురగుర మాత్రం పాటలోకి దిగుతుంది. అందుకని పాత టేకు చెక్కతో బరువైన పెట్టె చేయించాను. బెంజ్ సర్కిల్‌లో మా ఇంటి ముందు లారీలు పోతున్నా ముల్లు అదరకూడదు కదా!

మొదట నాన్నగారి ఘంటసాల భగవద్గీత పెట్టాను. అమ్మ రెండు నిమిషాలు విని, "ఈయనకి జలుబు చేసిందేమిట్రా?" అంది. నేను సూదిని అనుమానించాను, రికార్డును అనుమానించాను, చివరికి నా చెవులను కూడా.

తప్పు కరెంటుది. వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను గానీ, అమెరికాలో 60 సైకిళ్లు, మనకు 50 అన్నది మరిచాను. ఈ మోటారు వేగం సైకిళ్లను బట్టే ఉంటుంది. దాంతో నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 28 కూడా తిరగలేదు. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగిపోయింది. వేగం సర్దే మీట ఉంది, కానీ అది నూటికి రెండు మూడు వంతులకే. ఇదంతా ఫిజిక్స్ మాస్టారు చెప్పిందే. మార్కులు తెచ్చుకుని వదిలేశాం.

మోటారు ఇరుసు మీది కప్పీ అయిదో వంతు పెద్దదైతే చాలు. ఆటోనగర్‌లో లేత్ మీద ఇత్తడితో చేయించాను. మొదటిది వెంట్రుకవాసి వంకర, పాట వణికింది. రెండోది కుదిరింది. 180 గీతల కాగితం చక్రాన్ని పళ్లెం మీద పెట్టి, పాత చోక్ ట్యూబులైటు కింద చూస్తే గీతలు కదలకుండా నిలబడ్డాయి.

అమ్మను పిలిచాను. కాసేపు విని, "ఆఁ, ఇప్పుడు ఆయనే. మీ నాన్న పొద్దున్నే పెట్టేది ఇలాగే" అంది. మళ్లీ మొదటినుంచి పెట్టమంది.

ఆదివారం సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను. మీ రికార్డులు తెచ్చుకోండి. 78లు అయితే ముందే చెప్పండి, వాటికి సూది మార్చాలి.