అండమాన్‌కు బయలుదేరే ముందు

అండమాన్ వెళ్లాలంటే ముందు క్యాలెండర్ చూడండి, తర్వాతే టికెట్లు. మే నుంచి నవంబరు దాకా వానల కాలం. సముద్రం అల్లకల్లోలమైతే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ మేలు. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ రెండు రోజులకు పైగా ప్రయాణం, అదీ రోజూ ఉండదు. సెలవు తక్కువైతే విమానమే దిక్కు.

అక్కడి గడియారమూ మనదే. సూర్యుడు మాత్రం తొందరపడతాడు. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి! మధ్యాహ్నం కునుకు తీశారో, ఆ రోజు పోయినట్టే.

2018లో హేవ్‌లాక్ దీవి పేరు మారి స్వరాజ్ ద్వీపమైంది, 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. టికెట్‌పై ఏ పేరున్నా కంగారుపడకండి. పడవలు ఆగిపోవచ్చు గనక, తిరుగు విమానానికి ముందురోజే శ్రీ విజయపురం చేరుకోండి. పగడపు ముక్కలు మాత్రం ఏరి తేవద్దు, అది నేరం.