స్టూడియోలో నేను నేర్చుకున్న పాఠాలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజిది. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని చెప్పిన ఆ తీర్పు గురించి ఇంతకుముందు వక్తలు చక్కగా వివరించారు. బకాయిల సంగతి కూడా మాట్లాడారు. నాకు మిగిలిందేమీ లేదు. కార్యదర్శిగారు మాత్రం, "మీరీమధ్య రికార్డింగు స్టూడియో చుట్టూ తిరుగుతున్నారట, అదేదో చెప్పండి" అన్నారు. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి స్టూడియోతో ఏం పని అని మీరనుకోవచ్చు. చెబుతాను.

మా ఆవిడ మంగళహారతులు బాగా పాడేది. కచేరీలు చేసిన మనిషి కాదు. పేరంటాల్లో, శ్రావణ శుక్రవారాల్లో పాడేది, అంతే. 1989లో మా టూ-ఇన్-వన్ ముందు కూర్చోబెట్టి ఒక కాసెట్టు నిండా పాడించాను. తర్వాత కొన్నాళ్ళకి రేడియోలో డి.ఏ. గురించి ప్రకటన వస్తుందని ఎవరో చెబితే, ఆఫీసులో వినిపిద్దామని చేతికందిన కాసెట్టు పెట్టి మీట నొక్కాను. అది ఆమె పాటల కాసెట్టు. ఒక చరణం పోయింది. ఆ చోట నలభై ఆరు సెకన్లు వార్తలున్నాయి. ఇంతా చేసి ఆ వార్తల్లో డి.ఏ. లేదు.

ఆమె ఏమీ అనలేదు. "పోనిద్దురూ, మళ్ళీ పాడతాను" అంది. మళ్ళీ పాడించుకునే తీరిక నాకు ఇరవై ఏళ్ళ సర్వీసులో దొరకలేదు. రిటైరయ్యాక తీరిక దొరికింది గానీ ఆసంగతి గుర్తు రాలేదు. ఆమె పోయి ఆరేళ్ళయింది. కిందటి సంవత్సరం బీరువా సర్దుతుంటే ఆ కాసెట్టు కనిపించింది. వేస్తే గరగరమంది.

మా వీధి చివర ఒక కుర్రవాడు చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. తీసుకెళ్ళి చూపించాను. కాసెట్టులో టేపును హెడ్డుకి నొక్కిపట్టే చిన్న మెత్త ఉంటుంది. అది ఊడిపోయింది. టేపు తీసి వేరే డబ్బాలో బిగించాడు. ప్లేయరు హెడ్డును స్పిరిట్టుతో తుడిచాడు. తర్వాత కాసెట్టు వీపుమీద రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు చూపించి, "తాతగారూ, ఇవి విరగ్గొట్టి ఉంటే దీనిమీద ఇంకేమీ రికార్డయ్యేది కాదు" అన్నాడు. ఆ ముక్కలెందుకున్నాయో ముప్పై అయిదేళ్ళకి తెలిసింది.

పోయిన చరణం మా అమ్మాయికి వచ్చు. తల్లి దగ్గరే నేర్చుకుంది. దానిచేత పాడించి అతికించవచ్చా అని అడిగాను. "అతికించవచ్చు, కానీ మీరు కూడా పక్కన కూర్చుని నేర్చుకోండి, ఎక్కడ ఎలా ఉండాలో మీకే తెలుసు" అన్నాడు. అలా మూడు నెలలు ట్రెయినింగయ్యాను.

మొదటి పాఠం మైకు గురించి కాదు, గది గురించి. గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టమన్నాడు. ఉత్త గోడలుంటే శబ్దం తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చేది మైకులో పడితే తర్వాత తియ్యడం కష్టం. గుడ్ల అట్టలు అంటిస్తే బయటి శబ్దం ఆగుతుందనుకునేవాణ్ణి. ఆగదట. దళసరి గోడ, సందులేని తలుపు ఉంటేనే ఆగుతుంది. లోపలి ప్రతిధ్వనికి మందపాటి పరదాలు, పరుపులు, బట్టల బీరువా కూడా పనికొస్తాయి. ఫ్యాను, ఏసీ ఆపితేనే అసలు పని మొదలు.

రెండో పాఠం మైకు. సభల్లో వాడే ఇలాంటి మైకు చాలావరకు డైనమిక్ రకం. మొరటుది, తట్టుకుంటుంది. స్టూడియోలో గొంతుకి ఎక్కువగా వాడేది కండెన్సర్. సున్నితమైనది, దానికి 48 వోల్టుల కరెంటు విడిగా అందించాలి. మూతికి జానెడు దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే గొంతు బరువుగా, గుమ్మెటలా వస్తుంది. "ప", "బ", "భ" అక్షరాలకి గాలి కొడుతుంది కాబట్టి మధ్యలో పలచని గుడ్డ చట్రం పెడతారు.

మూడో పాఠం మనకి బాగా తెలిసినదే, బడ్జెట్టు లాంటిది. డిజిటల్ రికార్డింగులో శబ్దానికి పైహద్దు సున్నా డెసిబెల్. పాత టేపు కాస్త హెచ్చినా ఓర్చుకునేది. ఇక్కడ మంజూరు దాటితే పైసా ఇవ్వరు. దాటినంతమేర శబ్దం తెగిపోతుంది, ఆ మేర అసలు గొంతు తిరిగి రాదు. అందుకని ఎంత గట్టిగా పాడినా మైనస్ పన్నెండు, మైనస్ ఆరు మధ్యలో ఆగేలా చూసుకోవాలి. సీడీలో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి అంకెలుగా రాస్తారని చెబితే, అంత ఓపికైన గుమాస్తా ఎవరా అనుకున్నాను.

మిక్సింగంటే ఒక్కొక్క శబ్దం ఒక్కొక్క ఫైలు, అన్నీ కలిపి చివరికి ఒక ఫెయిర్ కాపీ. ముందు ఏది ఎంత గట్టిగా వినపడాలో సరిచూడాలి. సగం పని అక్కడే అవుతుంది. తర్వాత ఏది ఎడమ, ఏది కుడి. తర్వాత ఈక్వలైజరుతో అడుగున ఉండే గుర్రుశబ్దం తగ్గించడం. హెచ్చుతగ్గులు మరీ ఎక్కువుంటే కంప్రెసరు. చివర కొద్దిగా రివర్బ్, అంటే గది గాలి. ఇదంతా తక్కువ శబ్దంలో వింటూ చెయ్యాలి, గంటకోసారి చెవికి సెలవియ్యాలి.

ఇక్కడ నాకొక సంగతి తెలిసింది. "ఈ సన్నటి 'స్స్' తగ్గించమంటారా?" అని కుర్రవాడడిగాడు. నాకు ఆ శబ్దమే వినపడలేదు. వయసుతో ముందుగా పోయేది సన్నటి శబ్దాలు వినే శక్తేనట. కాబట్టి మన చెవి నమ్ముకుని ఆ మీట తిప్పితే ఇంట్లో పిల్లల చెవులు చిల్లులు పడతాయి. ఆ తీర్పు మా అమ్మాయికి వదిలేశాను.

మా అమ్మాయి రెండు వారాలు సెలవు పెట్టి వచ్చింది. కాసెట్టు విని మొదటిమాటే, "అమ్మ గొంతు ఇంత సన్నగా ఉండేది కాదు నాన్నగారూ" అంది. రికార్డు చేసినరోజు మా టూ-ఇన్-వన్ మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటుంది, ఇప్పుడు సరైన వేగంలో వేస్తే శ్రుతి హెచ్చింది, అన్నాడు కుర్రవాడు. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయాడు. నూటికి మూడువంతులు తగ్గించేసరికి ఇద్దరం ఒక్కసారే ఆపమన్నాం. ఆ గొంతు ఆరేళ్ళ తర్వాత విన్నాను. ఆరోజు ఇంక పని సాగలేదు.

పాట మధ్యలో ఒక కుక్కరు కూత ఉంది. ఇంకోచోట నా గొంతు, "కాఫీ అయిందా?" అని. నా మాట తీసేయమన్నాను. ఇప్పటి సాఫ్టువేరు చాలావరకు విడదీస్తుంది గానీ, ఎక్కువ తీస్తే పాట నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది. మా అమ్మాయి అసలే ఒప్పుకోలేదు. "మీరు కాఫీ అడిగినా అమ్మ పాట ఆపలేదు, అది ఉండాల్సిందే" అంది.

పోయిన చరణం అది పాడింది. మూడో టేకు బాగా వచ్చింది. పాత టేపు పక్కన కొత్త గొంతు మరీ తళతళలాడుతుంటే కాస్త పదును తగ్గించి, ఆనాటి మా గదికి తగినంత రివర్బ్ కలిపారు. ఇంకొంచెం కష్టపడితే తేడా తెలియకుండా చేస్తానన్నాడు కుర్రవాడు. వద్దన్నాను. రిజిస్టరులో దిద్దుబాటు ఉంటే పక్కన పొడిసంతకం ఉండాలి. ఎక్కడ తల్లి ఆగిందో, ఎక్కడ కూతురు అందుకుందో మనవలకి తెలియాలి. ఆ వార్తలు కూడా పారేయించలేదు. కాసెట్టు ఉన్నదున్నట్టు ఎక్కించిన ఫైలు ముట్టుకోకుండా విడిగా ఉంచాం.

నేను వాళ్ళకి నేర్పింది కూడా ఒకటుంది. ఆ కుర్రవాడి కంప్యూటరులో "ఫైనల్", "ఫైనల్ రెండు", "అసలు ఫైనల్" అని ఫైళ్ళుండేవి. ఒక రిజిస్టరు తెరిచి తేదీ, పాట, టేకు, చేసిన మార్పు అని గళ్ళు గీసిచ్చాను. ఇప్పటికీ రాస్తున్నాడు.

మీ అందరికీ నా మనవి. ఇంటికెళ్ళి కాసెట్లుంటే బయటికి తీయండి. వేసేముందు ఆ రెండు ముక్కలూ విరగ్గొట్టండి. బాగుచేయించే ముందు ఉన్నదున్నట్టు ఒక కాపీ తీయించండి. అందరి కాపీలూ ఒకేచోట పెట్టకండి. ఇంట్లో ఒకటి, పిల్లల దగ్గర ఒకటి ఉంచండి. కాసెట్లు లేనివారు దిగులుపడక్కర్లేదు. జేబులో సెల్‌ఫోనుంది. ఫ్యానాపి, జానెడు దూరంలో పెట్టి, పక్కనున్న మనిషిని పాడమనండి, మాట్లాడమనండి. "మళ్ళీ పాడతాను" అంటే మాత్రం వాయిదాకి ఒప్పుకోకండి.