మేకుల గోడలో పిల్లలు



జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం నడిబొడ్డున ఒక పాత చర్చి శ్మశానం ఉంది. దాని గోడ నిండా మేకులు. ఆ ఊళ్లో ఎయిడ్స్‌తో పోయిన ఒక్కొక్కరికీ ఒక్కో మేకు. 1994లో కళాకారుడు టామ్ ఫెష్ట్ నెలకొల్పిన ఈ స్మారకం పేరు ‘గాయపడ్డ ప్రేమ’. అంతకు రెండేళ్ల ముందు కాసెల్‌లో జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనలో ఆయనే, చనిపోయినవారి పేర్లు చెక్కిన రాళ్లను నేలలో పరిచాడు.

ఎయిడ్స్‌తో పోయిన పిల్లల కోసం వెతుక్కుంటూ వచ్చినవారికి ఆ గోడ జవాబివ్వదు. మేకు మీద వయసు ఉండదు, జబ్బు ఎలా సోకిందో ఉండదు. అలా ఉండటమే న్యాయం. ‘ఏ పాపమూ ఎరగని పసివాళ్లు’ అని పిల్లల్ని విడదీస్తే, మిగిలినవాళ్లు పాపులన్నట్టే కదా! ఆ మాట ముందు తగిలేది ఆ బిడ్డను కన్నతల్లికే.

అయినా ఆ పిల్లలకు ఏం జరిగిందో చెప్పుకోవాలి. వాళ్లలో కొందరికి హీమోఫిలియా అనే జబ్బు ఉండేది. అది ఉన్నవారికి రక్తం సరిగా గడ్డకట్టదు. ఇది ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. మోకాలికి చిన్న దెబ్బ తగిలినా కీలులో రక్తం చేరి వాచిపోతుంది. ఫ్యాక్టర్-8 అనే పొడి మందు వచ్చాక వాళ్లు బడికి వెళ్లగలిగారు, ఆడుకోగలిగారు. కానీ ఆ మందును వేలమంది దాతల ప్లాస్మా కలిపి తయారుచేసేవారు. అందులో చాలా భాగం అమెరికాలో డబ్బిచ్చి సేకరించినదే. ఒక్క దాతకు ఎయిడ్స్ తెచ్చే హెచ్ఐవీ వైరస్ ఉన్నా మొత్తం మందు కలుషితమయ్యేది.

దీనికి విరుగుడు జర్మనీలోనే ఉండేది. కాలేయపు వాపు వైరస్‌ను చంపేందుకు వేడిచేసి తయారుచేసిన ఫ్యాక్టర్-8కు 1981లోనే అనుమతి వచ్చింది. ఖరీదెక్కువని పాతమందూ వాడుకలో ఉండిపోయింది. జర్మనీలో సుమారు 1,500 మంది హీమోఫిలియా రోగులకు హెచ్ఐవీ సోకింది. అమ్మానాన్నలు ఇంట్లో తమ చేతులతో ఇచ్చిన ఇంజెక్షనే బిడ్డకు జబ్బు తెచ్చింది. ఆ తల్లిదండ్రుల బాధకు ఏ పరిహారం సరిపోతుంది?

1993లో రక్త ఉత్పత్తుల కుంభకోణం బయటపడ్డాక జర్మనీ ఆరోగ్యమంత్రి హోర్స్ట్ సీహోఫర్ కేంద్ర ఆరోగ్య కార్యాలయాన్నే రద్దు చేయించారు. 1995 చట్టంతో వైరస్ సోకినవారికి నెలకు 1,500 మార్కులు, ఎయిడ్స్ ముదిరినవారికి 3,000 మార్కులు అందాయి.

జర్మనీ సంగతి అది. ఇక మన తెలుగునాట పిల్లలకు ఈ వైరస్ ఎక్కువగా తల్లి నుంచే సోకింది. చికిత్స లేకపోతే వందమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి సోకే ప్రమాదం ఉంది. తల్లి క్రమం తప్పక వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటే ఆ సంఖ్య అయిదుకన్నా తగ్గుతుంది. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులను 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. కాబట్టి ప్రతి గర్భిణికీ తొలినెలల్లోనే రక్తపరీక్ష జరగాలి. తల్లికి హెచ్ఐవీ ఉంటే బిడ్డకు ఆరు వారాలు నిండగానే పరీక్ష చేయించాలి. పాప బొద్దుగా, హుషారుగా ఉందని ఆ పరీక్ష వాయిదా వేయొద్దు.