మంచాన పడితే కాగితమూ మారాలి
(అనుమసముద్రంపేట మండల రైతుల సమావేశంలో ప్రసంగం)



2024లో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. 2025లో మళ్లీ పరీక్షలు చేసి, వైకల్యం 40 శాతం లోపేనంటూ చాలామందికి నోటీసులిచ్చారు. నోటీసు వస్తే దాచుకోవద్దు. ఎంపీడీవోకు అప్పీలు రాసిచ్చి, రసీదు అడిగి తీసుకుందాం.

ఇంకో మాట. జబ్బు తగ్గినా చెప్పాలి, ముదిరినా చెప్పాలి. ముదిరిందని చెప్పడానికే మనం జంకుతున్నాం. మళ్లీ పరీక్షకు పోతే ఉన్న పింఛనూ పోతుందేమోనని భయం. కానీ పాత సదరం కాగితంలో కర్రతో నడిచిన మనిషే ఉంటాడు. ఇవాళ మంచం దిగలేని మనిషి అందులో కనపడడు.

సచివాలయంలో సదరం స్లాటు తీసుకుందాం. ఆస్పత్రి చీటీలన్నీ వెంట తీసుకెళదాం. తోడు లేనివారికి సంఘం తరఫున మేం వస్తాం.