పట్నంలో ఎదురుచూసే చదువులు

జీవితమంతా ఆర్థికశాస్త్రం బోధించిన ఒక అధ్యాపకుడి పేరున జరిగే ఉపన్యాసమిది. అలాంటివారి దగ్గర డిగ్రీ చదువుకున్న పిల్లలు ఆ తర్వాత చేరే పట్నాల గురించి మాట్లాడతాను.

జనం ఎక్కువ, కొలువులు తక్కువ అనే మాట మనకు అలవాటైపోయింది. లెక్కలు మాత్రం వేరే దారి చూపిస్తున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1998-99 నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.25 మంది పిల్లలు. 2019-21లో ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఈ లెక్కలను బట్టి, ఈనాటి పాతికేళ్ల యువతీయువకులు పుట్టేనాటికే మన కుటుంబాలు చిన్నవయ్యాయి. అయినా 2023-24 కేంద్ర శ్రామిక సర్వేలో, దేశంలోని పట్టణాల్లో 15-29 ఏళ్లవారి నిరుద్యోగిత 14.7 శాతం.

మరి చదువు? అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన నివేదిక చూడండి. 2022లో చదవను, రాయను రాని యువతలో నిరుద్యోగిత 3.4 శాతం. పట్టభద్రుల్లో 29.1 శాతం. దీన్ని చూసి చదువే దండగ అనేవారున్నారు. నేను గట్టిగా కాదంటాను. పని లేకుండా కూర్చుంటే పూట గడవనివాడు తెల్లారేసరికి కూలీ అడ్డా మీద నిలబడతాడు, దొరికిన పనికి పోతాడు. లెక్కల్లో అతను ఉద్యోగి. ఎదురుచూడాలంటే వెనక ఎవరో నెలనెలా డబ్బు పంపాలి. ఇద్దరే పిల్లలున్న ఇల్లు, ఎకరం కౌలుకిచ్చో బంగారం తాకట్టుపెట్టో ఆ పని చేయగలుగుతోంది. చదువు ఆశనిచ్చింది, చిన్న కుటుంబం ఆ ఆశకు గడువునిచ్చింది. పట్టణ నిరుద్యోగంలో పెద్ద భాగం ఈ గడువే. మార్క్ బ్లాగ్, రిచర్డ్ లేయర్డ్, మారీన్ వుడ్‌హాల్ మన దేశపు పట్టభద్రుల నిరుద్యోగం మీద 1969లోనే పుస్తకం రాశారు. అప్పటికీ ఇప్పటికీ మారింది ఎదురుచూసేవారి సంఖ్య, ఆ ఎదురుచూపు పొడవు.

హైదరాబాదులో ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యేవారు చేరే చిక్కడపల్లి గ్రంథాలయం, అశోక్‌నగర్ స్టడీ హాళ్లు ఒకసారి చూసి రండి. తెలంగాణ ఏర్పడిన ఎనిమిదేళ్లకు, 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తొలి గ్రూప్-1 ప్రకటన వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రకటన, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. అదే పిల్లలు, అదే గది, అదే మెస్సు బిల్లు. ఇక 2023 గ్రూప్-4లో ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు! ఈ పిల్లల్ని సోమరులనడం అన్యాయం. భద్రత, పింఛను, పెళ్లి సంబంధాల్లో గౌరవం ఒకే చోట దొరికే కొలువు మరొకటి మనం సృష్టించలేదు.

ఇక ఇంజనీరింగ్ చదువుల సంగతి. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల కూలీల బిడ్డలు ఇంజనీరింగ్ చదివారు. అది తప్పని నేననను. ల్యాబులు, అధ్యాపకులు లేని కళాశాలలకు అనుమతులివ్వడం తప్పు. డిగ్రీ చేతికొచ్చాక అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మళ్లీ ఫీజు కట్టి, కళాశాల నేర్పాల్సింది నేర్చుకోవాల్సి రావడం తప్పు.

ఆడపిల్లల సంగతి ఇంకా బరువైనది. అంతర్జాతీయ కార్మిక సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశంలోని యువతుల్లో దాదాపు సగం మంది చదువులోనూ లేరు, ఉద్యోగంలోనూ లేరు, శిక్షణలోనూ లేరు. వెతకడం మానేసినవారిని నిరుద్యోగులుగా లెక్కించరు. పట్నంలో భద్రమైన హాస్టలు, రాత్రి బస్సు లేక మానేసిన ఉద్యోగాలు నిరుద్యోగుల లెక్కలో కనిపించవు.

ముప్పైకి వచ్చినా కొలువు దొరకని బిడ్డ ఇంట్లో తల్లిదండ్రులు అరవైకి చేరువవుతుంటారు. పింఛను లేని రైతు, చిన్న వ్యాపారి ఆ ఒక్క జీతం కోసమే చూస్తుంటారు. జననాలు తగ్గినకొద్దీ ఈ భారం ఒక్కరిద్దరి భుజాల మీదే పడుతుంది. అందుకే ఎదురుచూపును కుదించడమే ముందు చేయాల్సిన పని అంటాను. చదువుకుంటూనే జీతంతో పని నేర్చుకునే అప్రెంటిస్ అవకాశం ప్రతి డిగ్రీ విద్యార్థికీ అందాలి. ప్రభుత్వం ఉద్యోగ ప్రకటన ఇచ్చిన రోజే పరీక్ష, ఫలితం, నియామకం తేదీలు ప్రకటించాలి. ఆ తేదీ దాటితే దాటినన్ని నెలలు అభ్యర్థి వయోపరిమితి దానంతటదే పెరిగేలా చట్టం రావాలి.