పల్లెమాటను పట్టు పెట్టె



మాట గాలిలో పుట్టి గాలిలోనే కలియును. వ్రాసిన అక్షరము తాటాకుపై నిలుచును గాని, పలికిన స్వరము పలికినవానితోడనే పోవునని మన పూర్వులు తలంచిరి. 1877వ సంవత్సరమున అమెరికాలో ఎడిసను ఫోనోగ్రాఫు యంత్రమును కనిపెట్టుటతో ఆ తలంపు మారినది. 1890లో ఫ్యూక్సు అను పండితుడు ఆ దేశములోనే మెయిను రాష్ట్రమునకు ఆ యంత్రమును మోసికొనిపోయి, పాసమక్వాడీ అను ఆదిమజాతివారి మాటలను, పాటలను మైనపు గొట్టములపై ఎక్కించెను. భాషాపరిశోధకుడు యంత్రముతో పల్లెకు పోవు ఆచారమునకు అదియే నాంది. నేడు ఆ యంత్రము అరచేతిలో ఇముడుచున్నది. దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, సంచిలో ఎట్లు సర్దుకొనవలెనో, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములను దృష్టియందుంచుకొని నేడు కొంత మనవి చేయుదును.

“అది విశ్వవిద్యాలయమువారి పని, మాకేల?” అని మీరు అడుగవచ్చును. వచ్చెడివారు ఎవరైనను, వారు పట్టుకొనిపోవునది మీ నోటిమాట. వారి పెట్టె మంచిదో కాదో ఎరిగియుండుట మీకు మేలు. అదియునుగాక, బయటివారు వచ్చువరకు వేచియుండనక్కరలేదు. మీ మనుమడు, మనుమరాలు చదువుకొన్నవారు. వారిచేతి పనిముట్టును మీరు సరిగా నడిపింపగలిగినచో ఆ పని మీ ఇంటనే సాగును.

తెలుగు చచ్చిపోవు భాష కాదు. 2011 జనాభా లెక్కలలో అది తమ మాతృభాషయని చెప్పినవారు 8 కోట్ల 11 లక్షల మంది. భాష బ్రతికియున్నను దానిలోని మాటలు మాత్రము ఊరికొకటిగా రాలిపోవచ్చును. మోటబావి ఉన్నంతకాలము తొండము, మోకు, గిలక అను మాటలు నోట నిలిచినవి. కరెంటు మోటారు వచ్చెను, మోట పోయెను, దానివెంట మాటయు పోవుచున్నది. పటేలు పట్వారీల పద్ధతి 1984లో రద్దయ్యెను. ఆనాడు పాతికేండ్ల వయసువాడై పహాణీ వ్రాసిన పట్వారీకి నేడు అరువదియైదేండ్లు దాటినవి. చెరువు క్రింద తూము, మత్తడి, శిఖము, ఆయకట్టు అను పేర్లను, నీరటివాడు నీరు పంచు పద్ధతిని చెప్పగలవారు ఎందరున్నారో మీ ఊరిలో మీరే లెక్కింపుడు. నగరమునకు ఉత్తరమున అనాబెషాహీ ద్రాక్షతోటలు పేరుమోసిన కాలమొకటి ఉండెను. పందిరి వేయుటకు, కొమ్మ కత్తిరించుటకు ఆ తోటలలో వాడిన మాటలు ఇప్పుడు ఎవరి నోటనున్నవి? చుట్టురోడ్డు వచ్చినది. శామీర్‌పేట పరిసరములలో న్యాయవిశ్వవిద్యాలయము, ఔషధ పరిశోధనశాలలు వెలసినవి. అవి రావలసినవే. కాని పొలము ఇండ్ల స్థలమైన తరువాత పొలముమాట అడుగుటకు చోటుండదు.

పూర్వము ఈ పని జరుగలేదా యనిన, కొంత జరిగినది. గ్రియర్సను దొర నడిపిన భారత భాషాసర్వే 1903 మొదలు 1928 వరకు సంపుటములుగా వెలువడెను. పలు భాషల పలుకులను గ్రామఫోను పళ్లెములపైనను ఎక్కించిరి. కాని ఆ సర్వే పరిధిలో హైదరాబాదు సంస్థానము చేరలేదు. మదరాసు రాజధాని, మైసూరు, బర్మాలును చేరలేదు. స్వాతంత్ర్యానంతరము భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశములు ఆరంభమైనవి. వ్యవసాయ పదములది 1962లోను, చేనేత పదములది 1971లోను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున వెలువడినవి. రైతు నోట, సాలెవాని నోట నున్న మాట నిఘంటువునకు ఎక్కుట గొప్ప విశేషము. ఐనను అచ్చులో మాట యుండును గాని స్వరముండదు.

దీనికొక చిన్న పరీక్ష కలదు. “మేక” అనుడు, పిదప “మేకు” అనుడు. వ్రాతలో రెండింటను ఒకటే ఏత్వము. నోటిలో మాత్రము మొదటిదానికి దవుడ మరికొంత తెరచుకొనును. “చలి” అనునప్పటి చకారమును, “చిలుక” అనునప్పటి చకారమును పోల్చిచూడుడు. మొదటిది పండ్లకడ పుట్టును, రెండవది అంగిటికడ పుట్టును. సామాన్యమైన వ్రాత ఈ భేదములను చూపదు. ఇక ఒకే ప్రశ్నను మేడ్చల్ రైతు అడుగు తీరు, గుంటూరు రైతు అడుగు తీరు, వాటి రాగములోని ఎగుడుదిగుడు ఏ అక్షరమున ఇముడును? వాటికి యంత్రమే శరణ్యము.

యంత్రమును ఎన్నుకొనుటకు ఈ భేదములే కొలబద్దలు. స, శ, దంత్యమైన చ అను ధ్వనులను వేరుపరచు బలము చాలవరకు సెకనుకు నాలుగువేలు మొదలు ఎనిమిదివేల కంపనముల నడుమ నుండును. పాత టెలిఫోను తీగ 3,400 కంపనములవరకే మోయును. అందుచేతనే ఫోనులో పేరు చెప్పునప్పుడు సకారమా శకారమా యని మరల అడుగవలసివచ్చును. మంచి రికార్డరు ధ్వనిని సెకనుకు 44,100 మారులుగాని 48,000 మారులుగాని కొలిచి వ్రాసికొనును. ఎన్ని కంపనములు పట్టవలెనో వానికి రెట్టింపు కంటె ఎక్కువగా కొలువవలెనని సూత్రము. కావున 48,000 మారులు కొలిచినచో మనిషి వినగల ధ్వనియంతయు పట్టుబడును.

ఆ కొలతలను యంత్రము ఏ రూపమున దాచునో అదియు చూడవలెను. “వేవ్” అను రూపమున దాచినచో ఏదియు పోదు. “ఎం.పి. 3” అను రూపము చోటు కలిసివచ్చుటకై, చెవికి అంతగా తెలియవను ధ్వనులను తీసివేయును. పాట వినుటకు అది చాలును, పరిశోధనకు చాలదు. ఒకసారి తీసివేసిన ధ్వనిని మరల తెచ్చుట ఎవరి తరము కాదు. చోటు చాలదను భయము వలదు. ఒక మైకుతో, 24 బిట్ల కొలతతో గంటసేపు మాటలాడినచో సుమారు 52 కోట్ల బైట్లు పట్టును. గోరంత కార్డు, 32 గిగాబైట్లది, దాదాపు 60 గంటల మాటను మోయును. ఫ్యూక్సు మైనపు గొట్టము కొద్ది నిమిషములకే నిండిపోయెడిదని తలచినచో మన భాగ్యము తెలియును.

యంత్రముకంటె మైకు ముఖ్యమని చెప్పుదును. ధనము కొంచెమేయున్నచో దానిలో పెద్దభాగము మైకునకే వెచ్చింపుడు. మాటలాడువారి అంగీకి తగిలించు చిన్న మైకు నోటికి జానెడు దూరముననుండిన చాలును. ఖరీదైన యంత్రమును రెండు బారల దూరమున బల్లపై పెట్టుటకంటె ఇది మేలు. ఆరుబయట దూరము రెట్టింపైనచో చేరెడి శబ్దబలము నాలుగవ వంతునకు తగ్గును, చుట్టుప్రక్కల రొద మాత్రము తగ్గదు. మైకునకు స్పంజి తొడుగుండవలెను. చెరువుకట్టపై మాటలాడింప దలచినచో బొచ్చు తొడుగు కావలెను. లేకున్న గాలి తాకుడు పిడుగువలె వినబడును. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, మైకు వినుచున్నదేమో తాను వినుచుండవలెను. యంత్రము తనంతట శబ్దమును హెచ్చించి తగ్గించు ఏర్పాటును ఆపివేయవలెను. లేకున్న ముసలివారు మాటకొరకు ఆగినప్పుడెల్ల అది ప్రక్కయింటి రొదను పైకి లాగును. గొంతు హెచ్చినప్పుడును ముల్లు అంచును తాకక, సున్నకు పండ్రెండు డెసిబెళ్లు క్రిందుగా ఆడుచుండుట సరియైన స్థితి.

రికార్డరు కొనలేనివారు ఏమి చేయవలెను? చేతిఫోను పనికివచ్చును. దానిలో వేవ్ రూపమున దాచు సాధనమును ఎక్కించి, చిన్న మైకును తగిలించి, పిలుపులు రాకుండ విమాన పద్ధతిలో పెట్టినచో చాలును. పెద్ద యంత్రము వచ్చినప్పుడు చూతమని ఊరకుండుటకంటె నేడు చేతనున్నదానితో చేయుట మేలు.

ఇక చోటు. ఈ ప్రాంతమునకు 44వ జాతీయ రహదారి ఒకప్రక్క, కరీంనగరు పోవు రాజీవ్ రహదారి మరియొకప్రక్క. నడుమ రైలుదారి. పైన హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరముల శిక్షణ విమానములు. వీనిని ఏ పెట్టెయు ఆపలేదు. రొద ఏ వేళ తగ్గునో ఊరివారికే తెలియును, కావున వేళను మీరే నిర్ణయింపుడు. సిమెంటు గదిలో గోడలు మాటను తిరుగగొట్టును. గూనపెంకుటింటి నడుమగది, వడ్లబస్తాలు పేర్చిన గది దానికంటె నయము. గోడకు గొంగడి వ్రేలాడదీసి, మంచముపై బొంత పరచినచో ప్రతిధ్వని అణగును. ఫంకాను, ఫ్రిజ్జును ఆ గడియసేపు ఆపివేయుడు. ముగిసిన తరువాత ఫ్రిజ్జును మరల వేయుట మరువకుడు. ఇంటి ఇల్లాలు రెండవమారు రానీయదు.

సంచి సర్దుటలో మూలసూత్రము ఒకటే. చెడిపోగలది ఏదైనను రెండుండవలెను. కార్డులు రెండు, తీగలు రెండు, బ్యాటరీలు రెండు జతలు. రెండవ రికార్డరు లేనిచోట చేతిఫోనే రెండవ రికార్డరు. ఒకటి ఆగినను మరియొకటి సాగును. ఇంటి కరెంటుపై నడిపిన యంత్రములో ఒక్కొక్కప్పుడు గుయ్యిమను శబ్దము చేరును, కావున బ్యాటరీపైననే నడుపవలెను. వానకాలమున ప్రతి వస్తువును మూత బిగియు డబ్బాలో, తేమ పీల్చు సిలికా పొట్లముతో ఉంచవలెను. వేసవిలో ఎండన నిలిపిన కారులో సంచిని వదలరాదు. దుమ్మునకు మెత్తని బట్ట, చీకటికి చిన్న టార్చి, వ్రాతకు కాగితము, పెన్సిలు. ముందు తీయవలసినది పైన, చివర తీయవలసినది అడుగున. సంచి సామాన్యమైన గుడ్డసంచియైనచో మరియు మంచిది. మెరయు పెట్టెలు, తీగల చిక్కులు చూచి పెద్దలు బెదరి, పట్నపు మాట ఎత్తుకొందురు. అప్పుడు మనకు దొరకవలసిన మాట దొరకదు. బయలుదేరుటకు ముందురాత్రి ఐదు నిమిషములు మాటలాడి రికార్డు చేసి, తిరిగి వినుట తప్పనిసరి.

ఇన్నియు సర్దిన తరువాత సంచిలో పట్టని వస్తువు ఒకటున్నది. అది అనుమతి. యంత్రమును తిప్పుటకు ముందు, “ఈ మాటలు ఎవరు విందురు? ఎక్కడ దాతురు? వద్దనినచో తీసివేయుదురా?” అని మీరు అడుగవలెను. అడిగినందుకు కోపగించువాడు ఆ పనికి తగడు. మీరు సమ్మతించినచో ఆ సమ్మతియు యంత్రములోనే పడవలెను. వెంటనే తేది, ఊరు, మాటలాడువారి పేరు, వయసు, వృత్తి, రికార్డు చేయువారి పేరు నోటితో చెప్పవలెను. పేరును ఊరును లేని స్వరము చిరునామా లేని ఉత్తరమువంటిది. ఆ సాయంకాలమే మూడు ప్రతులు తీసి, ఒకటి వేరొక ఊరిలో దాచవలెను. అడుగకున్నను ఒక ప్రతి ఆ ఇంటివారికి చేరవలెను. తండాలలో లంబాడీ మాటలాడు సోదరుల విషయమున ఇది మరియు ముఖ్యము. వారి భాషకు స్వంతలిపి వాడుకలో లేనందున వారికి స్వరమే గ్రంథము.

అండమాను దీవులలో “బో” అను భాష నేర్చిన ఆఖరి వృద్ధురాలు 2010 జనవరిలో కాలధర్మము చెందెను. అన్వితా అబ్బి అను భాషావేత్త అంతకుముందే ఆమె పలుకును పట్టియుంచినందున ఆ స్వరము నేటికిని వినబడుచున్నది. యంత్రము దుకాణమున దొరకును. నేడు కాకున్న రేపు దొరకును. మత్తడిమీద నిలిచి నీరు పంచిన నీరటివాని మాట రేపు దొరకునని ఎవరు హామీ ఇత్తురు? కావున ఈ వారముననే మీ ఊరిలో అందరికంటె వయోవృద్ధులెవరో, వారికి ఏ పని బాగుగ తెలియునో మీ మనుమలకు చూపుడు. ఏమి అడుగవలెనో మీరు చెప్పుడు, పెట్టెను వారు పట్టుకొందురు.