లెక్కకు రాని ఆడపిల్లలు



విదేశాల పిల్లలతో పోలిస్తే మన పిల్లల చదువు ఎక్కడుంది? వివిధ దేశాల్లో 15 ఏళ్ల విద్యార్థులకు పెట్టే 'పీసా' పరీక్ష 2009 విడతలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొన్నాయి. రెండూ చదువులో ముందున్నాయని పేరున్న రాష్ట్రాలే. 2011లో వచ్చిన ఫలితాల్లో అట్టడుగున నిలిచాయి. చదివి అర్థం చేసుకోవడంలో కనీస స్థాయి అందుకున్నవారు తమిళనాడులో 17 శాతం, హిమాచల్‌లో 11 శాతం. సంపన్న దేశాల సగటు 81 శాతం. ప్రశ్నలు మన పరిస్థితులకు తగినవి కావంటూ ప్రభుత్వం 2012, 2015 విడతలకు దూరంగా ఉంది.

నన్ను బాధిస్తున్నది ర్యాంకు కాదు. పీసా కొలిచేది బడిలో ఉన్నవాళ్లనే. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్లే పిల్ల, తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయిన పిల్ల, పెళ్లై అత్తవారింటికి పోయిన పిల్ల ఆ అట్టడుగు లెక్కలోకి కూడా రారు. 2009 విద్యాహక్కు చట్టం 14 ఏళ్లకే ఆగిపోతుంది. పరీక్ష పెట్టేది 15 ఏళ్లకు. ఆ రెంటి మధ్యే మన ఆడపిల్లలు జారిపోతున్నారు.

అందుకే ఊళ్లలో పనిచేస్తున్న మనం రెండు లెక్కలూ అడగాలి. బడిలో ఉన్న పిల్లకు చదవడం వచ్చిందా? బడిలో లేని పిల్ల ఎక్కడుంది? చదువు హక్కును 18 ఏళ్ల దాకా పొడిగించాలని పట్టుబడదాం.